రన్నింగ్ స్టాఫ్ పిల్లలం

మా చిన్నప్పుడు కాజీపేట రైల్వే కాలనీలో పిల్లలం రెండు రకాలు. తండ్రి పొద్దున టిఫిన్ డబ్బా పట్టుకుని పోయి, సాయంత్రం ఖాళీ డబ్బా ఊపుకుంటూ తిరిగొచ్చే ఇళ్ల పిల్లలు ఒక రకం. షెడ్డులో ఫిట్టర్లు, ఆఫీసు క్లర్కులు, స్టోర్స్ వాళ్ల పిల్లలన్నమాట. తండ్రి ఎప్పుడు పోతాడో ఎప్పుడొస్తాడో ఎవరికీ తెలియని ఇళ్ల పిల్లలు రెండో రకం. మమ్మల్ని రన్నింగ్ స్టాఫ్ పిల్లలు అనేవాళ్లు. డ్రైవర్లు, అసిస్టెంట్లు, గార్డులు, ఇట్లా బండితోపాటు కదిలే వాళ్లంతా రైల్వే లెక్కలో రన్నింగ్ స్టాఫ్. మా బాపు గూడ్స్ డ్రైవరు. ఇప్పుడు లోకో పైలట్ అంటున్నారు, గార్డును 2022 నుంచి ట్రైన్ మేనేజర్ అంటున్నారు. పేర్లు ఎన్ని మారినా రన్నింగ్ అన్న మాట మాత్రం అట్లాగే ఉండిపోయింది.

స్కూల్లో ఇంగ్లీషు సారు క్రియలన్నీ మూడు రూపాల్లో రాగం తీసి చెప్పించేవారు. గో, వెంట్, గాన్. ఈట్, ఏట్, ఈటెన్. రన్ వంతు వచ్చేసరికి రన్, ర్యాన్, రన్. బోర్డు మీద ‘రన్ = పరుగెత్తు’ అని రాసి కింద గీత గీసేవారు. మా ఇళ్లలో పరుగెత్తే వాళ్లెవరూ లేరు, అందరం ఉరికేవాళ్లమే. కాబట్టి రన్ అంటే పరుగెత్తు, పరుగెత్తు అంటే ఉరుకు అని రెండుసార్లు అర్థం చెప్పుకోవాల్సి వచ్చేది. ఆ రోజు వెనక బెంచీ వాడొకడు, షెడ్డు ఫిట్టర్ కొడుకు, నన్ను పట్టుకున్నాడు.

“మీ బాపు రన్నింగ్ స్టాఫ్ గదా, దినమంతా ఉరుకుతడా?”

క్లాసంతా నవ్వారు. ఇంటికొచ్చి బాపును అడిగాను. ఆయన బీడీ ఆర్పి, “బండి ఉరుకుతది బిడ్డా, మేం కూసుంటం” అన్నాడు. కాసేపాగి, “కూసునుడు గూడ ఏడిది, ప్రతి స్టేషన్‌కు లేసి జెండ చూసుడే” అని సరిదిద్దుకున్నాడు.

రన్నింగ్ డ్యూటీ మా ఇంటికి సైకిల్ మీద వచ్చేది. కాల్‌బాయ్ తెచ్చేవాడు. పేరుకే బాయ్, మీసాలు నెరిసిన పెద్దమనిషి. ఫోన్లు లేని రోజులు కదా, బండి బయల్దేరడానికి రెండు గంటల ముందు వచ్చి గేటు దగ్గర నిలబడి బాపు పేరూ బండి పేరూ కలిపి అరిచేవాడు. “బల్లార్షా గూడ్స్! ఒంటిగంటన్నర!” రాత్రి పదకొండున్నరకు ఆ కేక పడితే మా వరసలో నాలుగు ఇళ్లు లేచేవి. చేతిలో కాల్ బుక్ ఉండేది. అందులో సంతకం పడిందంటే ఆ మనిషి ఇక ఇంటివాడు కాదు. అమ్మ లేచి కిరోసిన్ స్టవ్‌కు పంపు కొట్టేది. ఆ స్టవ్ మోతలోనే మేం మళ్లీ నిద్రలోకి జారుకునేవాళ్లం.

అన్నం డబ్బాతోపాటు అమ్మ ఒక గుడ్డ సంచి కూడా సర్దేది. అది రన్నింగ్ రూమ్ సంచి, అంటే బండి దిగిన సిబ్బంది రెస్టు తీసుకునే గదికి తీసుకుపోయే సంచి. అందులో కొలిచి పోసిన బియ్యం, చిన్న పొట్లంలో కందిపప్పు, రెండు వంకాయలు, ఒక ఉల్లిగడ్డ, నిమ్మకాయంత చింతపండు, కారం, ఉప్పు. మహారాష్ట్రలోని బల్లార్షా పోయాక అక్కడి రన్నింగ్ రూమ్‌లో వంటాయనకు ఆ సంచి ఇస్తే వండి పెట్టేవాడు. ఒకసారి ఎండాకాలం సెలవుల్లో పాసు మీద ఉత్తరాదికి పోతూ బల్లార్షాలో దిగినప్పుడు బాపు నన్ను అక్కడికి తీసుకుపోయాడు. లోపలికి రానివ్వలేదు, వరండాలోంచే చూశాను. ఒక హాల్లో ఇనుప మంచాలు వరసగా వేసి ఉన్నాయి. వాటి మీద దోమతెరలు, మిట్ట మధ్యాహ్నమే లోపల గురకలు. వెనక వంటింట్లో బొగ్గుల పొయ్యి మీద, పక్కన గచ్చు మీద, ఎటు చూసినా చిన్న చిన్న గిన్నెలు. ప్రతి గిన్నె మీదా సుద్దతో పేరు. ఒకరి పప్పు ఒకరిది కాదు, ఒకరి కూర ఒకరిది కాదు. అంతమందికి అన్ని గిన్నెల్లో విడివిడిగా వండే మనిషిని నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. ఆయన బాపును చూసి, “మీ ఇంటి చింతపండు పులుపెక్కువ, సగమే ఏసిన” అన్నాడు.

నాకు అక్కడే అనుమానం మొదలైంది. రన్నింగ్ రూమ్‌లో ఉరికే మనిషే లేడు, అందరూ పడుకునే ఉన్నారు. సారు బోర్డు మీద రాసిన అర్థంతో ఈ గదికి పొంతన ఎక్కడుంది?

బాపు మాటల్లో రన్ చాలా రకాలుగా వచ్చేది. స్టేషన్‌లో ఆగకుండా నేరుగా పోతే ‘రన్ త్రూ’ దొరికింది అనేవాడు. స్టేషన్ మాస్టర్ ప్లాట్‌ఫారం మీద పచ్చజెండా పట్టుకుని నిలబడేవాడు, బండి ఆయన ముందు నుంచే దూసుకుపోయేది. రన్ త్రూలు దొరికిన రోజు బాపు ఇంటికి హుషారుగా వచ్చేవాడు. జమ్మికుంట, పెద్దపల్లి, రామగుండం, గోదావరి బ్రిడ్జి దాటితే మంచిర్యాల, బెల్లంపల్లి, కాగజ్‌నగర్ అని వరసగా చెప్పుకుంటూ పోయేవాడు. మాకు ఎక్కాలకన్నా ముందు ఈ స్టేషన్లే నోటికొచ్చాయి. కాజీపేట బల్లార్షా లైను 1929లో పూర్తయిందట. మద్రాసు నుంచి ఢిల్లీకి నేరుగా రైలుదారి దాంతోనే ఏర్పడింది. అందుకే ఆ దారిలో ఎక్స్‌ప్రెస్‌ల రద్దీ. జీటీకి దారివ్వాలి, తమిళనాడుకు దారివ్వాలి, దక్షిణ్‌కు దారివ్వాలి. సింగరేణి బొగ్గు వేసుకుని వచ్చే గూడ్స్‌ను మాత్రం ఏదో ఒక చిన్న స్టేషన్ లూపులో, అంటే మెయిన్ లైను పక్క పట్టా మీద పడేసేవాళ్లు. గంటలకు గంటలు. “పేరుకు రన్నింగ్ స్టాఫ్ అంటరు గని, సగం డ్యూటీ లూపుల్నే అయిపాయె” అని బాపు విసుక్కునేవాడు.

రన్నింగ్ అలవెన్సుకు కిలోమీటర్ల లెక్క ఉండేది. అమ్మ దాన్ని కిలోమీటర్ల పైసలు అనేది. జీతం కిరాణా కొట్టుకు, పాలవాడికి పోయేది. మా స్కూలు ఫీజులు, బతుకమ్మకు కొత్త బట్టలు, నా కళ్లజోడు అన్నీ కిలోమీటర్ల పైసల్లోంచే. నెలాఖరున ఆమె వేళ్ల మీద లెక్క కట్టి, “ఇగో, ఇంకొక్కసారి బల్లార్షా పోయొస్తే చాలు” అనేది, అదేదో సందు చివరి కొట్టుకు పోయొచ్చినంత తేలిగ్గా.

ఒక్క రన్ మాత్రం మా ఇంట్లో ఎవరి నోటా వచ్చేది కాదు. రన్ ఓవర్. బండి కింద పశువు పడితే కాగితాల్లో క్యాటిల్ రన్ ఓవర్ అని రాస్తారు, పొట్టిగా సీఆర్‌ఓ. మనిషైతే మ్యాన్ రన్ ఓవర్. ఎన్నో కిలోమీటరు రాయి దగ్గర, ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు, అన్నీ రాసి స్టేషన్‌లో మెమో ఇవ్వాలి. నిండు లోడుతో పోయే గూడ్స్‌కు ఎమర్జెన్సీ బ్రేకు వేసినా ఆగడానికి కిలోమీటరు దాకా పట్టొచ్చు. పట్టాల మీద మనిషి కనబడ్డాక డ్రైవరు చేతిలో ఉన్నవి రెండే పనులు, హారన్ కొట్టడం, బ్రేకు వేయడం. ఆ తర్వాత చూస్తూ కూర్చోవడమే. స్టీరింగ్ తిప్పి పక్కకు పోదామంటే అది లారీ కాదు కదా.

అట్లాంటి రోజు బాపు ముందు తలుపు నుంచి వచ్చేవాడు కాదు. వెనక పెరట్లోకి వచ్చి నల్లా కింద కూర్చునేవాడు. అమ్మకు అర్థమైపోయేది. ఏమీ అడక్కుండా తువ్వాల తీగ మీద వేసి లోపలికి వచ్చి మా నోళ్లు మూయించేది. ఆ పూట బాపు అన్నం ముట్టేవాడు కాదు, చాయ్ మాత్రం తాగేవాడు. ఒకసారి నేను ఉండబట్టలేక దగ్గరికి పోయి, “ఆయనెవరు బాపూ?” అని అడిగాను.

“తెల్వదు బిడ్డా. నన్ను చూసిండు.”

అంతకుమించి ఏమీ చెప్పలేదు. రెస్టు కాగానే కాల్‌బాయ్ వచ్చాడు, బాపు సంతకం పెట్టి సంచి అందుకుని పోయాడు. తర్వాత కాలేజీలో ఉన్నప్పుడు నిఘంటువులో రన్ ఓవర్ వెతికితే, గిన్నెలోంచి పొంగి పొర్లడం అని ఒక అర్థం, పాఠాన్ని ఒకసారి పైపైన తిరగేసుకోవడం అని ఇంకో అర్థం, వాటి పక్కనే ఇది. ఈ మూడూ ఒకే చోట కలిసి ఎట్లా ఉంటాయో నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

ఇంగ్లీషు మీద విసుగొచ్చిన ఒక సాయంత్రం, ఒక్క మాటకు ఇన్ని అర్థాలేంటని నేను పుస్తకం ముందు గొణుగుతున్నాను. నల్లా వచ్చే టైమది. అమ్మ బిందె తెచ్చి పెట్టి, “నీళ్లు పట్టు” అంది. నేను లేవలేదు.

“ఏం, జలుబు పట్టిందా? రాత్రి నిద్ర పట్టలేదా? ఈ బిందె నిండనీకి పావుగంట పడుతది, అందాక ఆ గంగాళం అటు దిక్కు పట్టు. కింద పాకురు పట్టింది, చూసి అడుగెయ్యి. చెప్తుంటే పట్టనట్టు కూసుంటవేంది? పట్టు పట్టకు, లెవ్వు.”

గంగాళం ఒక కొస పట్టుకున్నాక గానీ నాకు వెలగలేదు, ఆమె నోట పట్టు ఎన్నిసార్లు పడిందో. అమ్మ చదివింది నాలుగో తరగతి, అదీ సగమే. ఆమె ఏమీ లెక్కపెట్టుకుని మాట్లాడలేదు, పని చెప్పింది, అంతే. బ్రౌన్ దొర 1852లో తన తెలుగు ఇంగ్లీషు నిఘంటువు అచ్చు వేయించే ముందు, ‘పట్టు’ దగ్గరికొచ్చి కలం పక్కన పెట్టి నుదురు తుడుచుకునే ఉంటాడని నా నమ్మకం.

క్రికెట్ గురించి ప్రత్యేకంగా చెప్పేదేముంది, ఆ రన్ అందరికీ తెలిసిందే. 1983 జూన్ 25న మనవాళ్లు 183కే ఆలౌట్ అయితే కాలనీ అంతా ఉసూరుమంది. వెస్టిండీస్ 140కి కూలిపోయి మనం 43 పరుగుల తేడాతో గెలిచేసరికి అర్ధరాత్రి టపాసులు. మా ఇంట్లో మాత్రం ట్రాన్సిస్టర్‌ను దిండు కింద పెట్టి విన్నాం. బాపు డ్యూటీ దిగొచ్చి పడుకున్నాడు. రన్నింగ్ స్టాఫ్ ఇంట్లో నిద్రపోయే మనిషిని ప్రపంచ కప్పు వచ్చినా లేపకూడదు.

హనుమకొండలో డిగ్రీకి వచ్చాక రన్నింగ్ నోట్స్ పాలిట పడ్డాను. లెక్చరర్ ఊపిరి తీసుకోకుండా చెప్పుకుంటూ పోతే మేం తల ఎత్తకుండా రాసుకుంటూ పోవడం. ఆ రాతలు తర్వాత మాకే అర్థమయ్యేవి కావు. సినిమాలు సెకండ్ రన్‌లోనే, టికెట్టు తక్కువ, రీలు నిండా గీతలు. బట్టల కొట్టులో రన్నింగ్ మెటీరియల్, ఇల్లు కట్టేటప్పుడు వడ్రంగి చెప్పే రన్నింగ్ ఫీటు, పాత స్కూటర్ అమ్మేవాడి “రన్నింగ్ కండిషన్ సార్” ఇవన్నీ తర్వాత ఒక్కొక్కటిగా తగిలాయి. ఆ స్కూటర్ ఎంతవరకు నడిచిందో అడగొద్దు.

నా వరకు అన్నింటికన్నా మురిపించిన రన్ కంప్యూటర్ సెంటర్‌లోది. తొంభైల మొదట్లో, చెప్పులు బయట విడిచి లోపలికి పోయే ఏసీ గది. జీడబ్ల్యూ బేసిక్ అనే కంప్యూటర్ భాష నేర్పేవాళ్లు. 10, 20, 30 అని వరసకు నంబర్లిచ్చి లైన్లు రాయాలి. అంతా అయ్యాక ఆర్, యు, ఎన్ అని మూడక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కాలి. ఎఫ్2 నొక్కినా అదే పని. నా పేరు ఒకసారి ప్రింట్ చేయమని, 20వ లైన్లో మళ్లీ 10కి పొమ్మని రాశాను. ఎంటర్ నొక్కగానే నల్లటి తెర మీద నా పేరు కిందికీ కిందికీ ఉరుకుతూనే ఉంది. ఆపడానికి కంట్రోల్, బ్రేక్ అనే రెండు మీటలు కలిపి నొక్కాలట. ఇంటికొచ్చి చెబితే బాపుకు మిగతాదేదీ ఎక్కలేదు గానీ, బ్రేక్ ఉందనగానే తల ఊపాడు. “ఎంత దూరంల ఆగింది?” అని అడిగాడు.

ఆక్స్‌ఫర్డ్ వాళ్ల పెద్ద నిఘంటువు సంగతి చాలా ఏళ్ల తర్వాత చదివాను. 1989 నాటి రెండో ముద్రణలో అన్నింటికన్నా పొడవైన వివరణ ‘సెట్’ అనే క్రియది. 2011లో ‘రన్’ దాన్ని దాటేసింది. ఆ ఒక్క క్రియకే 645 అర్థాలు తేలాయి. వాటిని విడదీసి వరస పెట్టిన పీటర్ గిల్లివర్ అనే ఆయనకు తొమ్మిది నెలలు పట్టిందట. గడియారం, మగ్గం, ఇంజను, కంప్యూటర్, ఏ యంత్రం వచ్చినా ఇంగ్లీషువాళ్లు దాన్ని ఉరికించారు మరి, అర్థాలు పెరగక ఏం చేస్తాయి. ఇదంతా బాపుకు చదివి వినిపించాను. 645 అన్న అంకె ఆయనకు పెద్దగా ఆనలేదు. తొమ్మిది నెలల దగ్గర ఆగాడు.

“ఒక్క మాట మీదనే తొమ్మిది నెలలా? జీతం ఇచ్చిర్రా?”

ఇచ్చే ఉంటారన్నాను. “మంచి కొలువు” అన్నాడు.

అదే ఇంజన్‌ను మనం ఉరికించం, నడిపిస్తాం. ఇంగ్లీషులో ట్రైన్ రన్ అవుతుంది, తెలుగులో రైలు నడుస్తుంది. ఎంత వేగంగా పోయినా నడకే. కాజీపేట ప్లాట్‌ఫారం మీద ఇంగ్లీషులో ‘రన్నింగ్ లేట్’ అని చెప్పిన మరుక్షణం తెలుగులో ‘ఆలస్యముగా నడుచుచున్నది’ అని వచ్చేది. ఆలస్యానికి ఆ తెలుగే సరిగ్గా సరిపోయింది అనుకునేవాణ్ణి. దుకాణం నడుస్తుంది, స్కూలు నడుస్తుంది, కోర్టులో కేసు ఏళ్లకేళ్లు నడుస్తుంది, సంసారాన్ని ఈడ్చుకుంటూనైనా నడిపిస్తాం. నడవనివేవో ఇంకో దారి చూసుకుంటాయి. ముక్కు కారుతుంది, కాలవ పారుతుంది, కొత్త చీర రంగు దిగుతుంది. ఇంగ్లీషులో ఇవన్నీ ఒకే రన్ ఖాతాలో పడతాయి. ఖాతా పెద్దదవడంలో వింతేముంది.

ఎన్నికల్లో మాత్రం మనం నడవం కూడా, నిలబడతాం. కాలనీలో యూనియన్ ఎన్నికలప్పుడు ఫలానా ఆయన నిలబడ్డాడట అంటే చాలు, ఆయన ఇంటి ముందు చాయ్ గ్లాసులు వరస కట్టేవి. ఇంగ్లండ్ ఇంగ్లీషులో కూడా నిలబడటమే. అమెరికా వాళ్లు మాత్రం ఎన్నికల్లో రన్ అవుతారు. మా తమ్ముడు డాలస్ పోయిన కొత్తలో ఫోన్ చేసి, “అన్నా, ఇక్కడ ప్రెసిడెంట్‌కు నిలబడరే, ఉరుకుతరు” అన్నాడు. వెనకనుంచి బాపు, “ఏడాదిపొద్దు ఉరుకుతరు గదా, వాళ్లకు గూడ రన్నింగ్ అలవెన్సు ఇయ్యాలె” అన్నాడు.

ఆ అలవెన్సు బాపును ఇప్పటికీ వదల్లేదు. రన్నింగ్ స్టాఫ్ రిటైరైతే పింఛను లెక్క కట్టేటప్పుడు బేసిక్ జీతానికి 55 శాతం కలుపుతారు, తిరిగిన తిరుగుడుకు బదులుగా. అమ్మ ఉన్నన్నాళ్లూ దాన్ని కూడా కిలోమీటర్ల పైసలే అనేది. పే కమిషన్ మాట పేపర్లో కనబడితే చాలు, బాపు అద్దాలు పెట్టుకుని ఆ 55 మీద చేయి పడుతుందేమోనని మూలమూలా వెతుకుతాడు.

మా సందులో ఒక పిల్లాడు ఈ మధ్యనే అసిస్టెంట్ లోకో పైలట్‌గా చేరాడు. అతనికి కాల్‌బాయ్ రాడు, సెల్‌ఫోన్ మోగుతుంది. గుడ్డ సంచి లేదు, భుజాన బ్యాగు. మొన్న గేటు ముందు బాపు అతన్ని ఆపాడు.

“బల్లార్షా రన్నింగ్ రూమ్ ఎట్లుంది ఇప్పుడు?”

“ఏసీ పెట్టిర్రు తాతా. భోజనం గూడ అక్కడ్నే, మనం ఏం తీస్కపోనక్కర లేదు.”

“అందరికీ ఒక్కటే గిన్నెల వండుతరా?”

“ఒక్కటే గిన్నె.”

బాపుకు ఆ ముక్క నచ్చలేదు. ఉప్పు ఎవరి లెక్కన వేస్తారని అడిగాడు. పిల్లాడు నవ్వి, డ్యూటీకి టైమైందని బండి స్టార్ట్ చేశాడు.